సీసా ఒకటే... సరిహద్దు దాటితేనే చిక్కు!

వేదాద్రి. పక్కనే కృష్ణమ్మ. కొండమీద జ్వాలా నరసింహుడు, నదిలో సాలగ్రామ నరసింహుడు, గుళ్లో యోగానందుడు... ఐదు రూపాల్లో స్వామి వెలసిన పంచనారసింహ క్షేత్రం. శనాదివారాలు వస్తే చాలు... ఇటు నందిగామ, జగ్గయ్యపేటల నుంచి, అటు కోదాడ, హుజూర్‌నగర్‌ల నుంచి జనం వస్తుంటారు. నదిలో మునిగేటప్పుడు ఎవరిది ఏ రాష్ట్రమని ఎవరూ అడగరు.

ఆ ఊళ్లో ఒక ఇల్లాలు ఆవకాయ పెట్టి అమ్ముతోందనుకుందాం. కోదాడ నుంచి దర్శనానికి వచ్చిన ఒకావిడ రుచి చూసి, ఓ సీసా కొనుక్కుని బస్సెక్కింది. పన్ను పేచీ ఏమీ లేదు. చేతికి చేతిగా ఊళ్లోనే జరిగిన అమ్మకం అది. నెల తిరిగేసరికి సీసా ఖాళీ. ‘అక్కా, మీ ఆవకాయ మా ఇంట్లో అందరికీ నచ్చేసింది. ఇంకో రెండు సీసాలు పార్సిల్‌లో పంపించవూ’ అని ఫోను. వాట్సాప్‌లో చిరునామా, యూపీఐలో డబ్బు... నిమిషంలో వచ్చేశాయి.

ఇక్కడే ఉంది అసలు తిరకాసు. ఆ రెండు సీసాలూ పార్సిల్ అయి గరికపాడు దాటాయంటే అది అంతర్రాష్ట్ర అమ్మకం. దానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏడాదికి నలభై లక్షలు అమ్మారా, నాలుగు వేలే అమ్మారా అన్నదాంతో పని లేదు. మొదటి సీసా నుంచే లెక్క!

అదే ఆవకాయని ఐదొందల కిలోమీటర్లకు పైగా దూరం ఉన్న ఇచ్ఛాపురానికి పంపితే? ఏ చిక్కూ లేదు. ఏడాది అమ్మకాలు 40 లక్షల రూపాయలు దాటేదాకా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. జగ్గయ్యపేట నుంచి అరగంట ప్రయాణం చేస్తే వచ్చే కోదాడకు పంపితే మాత్రం కావాలి. ఇంకో విచిత్రం చూడండి... మామిడికాయ మామిడికాయగానే సరిహద్దు దాటితే పన్నూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. తాజా పండ్లకూ కూరగాయలకూ జీఎస్టీ లేదు మరి. ఆ కాయే ముక్కలై, కారం, ఆవపిండి, నూనె కలుపుకుని దాటితే ఆవిడ ‘పన్ను చెల్లించాల్సిన వ్యాపారి’ అయిపోతుంది!

ఆ గీత ఇప్పటిది కాదు

కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి... 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అయింది కదా... సరిహద్దు కొత్తేమీ కాదు. బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఇటు మద్రాసు రాష్ట్రం, అటు నిజాం రాజ్యం. నిజాంకు సొంత కస్టమ్స్ శాఖ ఉండేది. దాన్నే ‘కరోడ్‌గిరి’ అనేవాళ్లు. బండిమీద సరుకు నిజాం గడ్డమీదికి వెళ్తే సుంకం కట్టాల్సిందే. చుట్టూ నిజాం ఊళ్లుంటే వాటి మధ్యలో కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా! ఇటు జగ్గయ్యపేటకూ అటు మునగాలకూ మధ్య రాజ్యమే వేరు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ గీత చెరిగిపోయింది. యాభై ఏడేళ్లకు పైగా హైదరాబాద్ నుంచి వచ్చే సరుకూ, బెజవాడ నుంచి వచ్చే సరుకూ జగ్గయ్యపేట కొట్టుకి ఒకటే. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. గీత మళ్లీ పడింది. అంతకు ముందురోజు వరకూ సొంత రాష్ట్రంలో కొన్న సరుకు తెల్లారేసరికి పొరుగు రాష్ట్రం నుంచి తెచ్చుకున్నదైంది. హైదరాబాద్ హోల్‌సేల్ వ్యాపారి దగ్గర కొంటే కేంద్ర అమ్మకం పన్ను రెండు శాతం. అది కూడా కొన్న వ్యాపారి ‘సి-ఫారం’ ఇస్తేనే. ఇవ్వకపోతే పూర్తి పన్ను. జాతీయ రహదారిమీద, గరికపాడు దగ్గర వాణిజ్య పన్నుల చెక్‌పోస్టు వెలిసింది. లారీలు బారులు తీరడం, బిల్లులు చూపించడం, ముద్ర వేయించుకోవడం... డ్రైవర్లకు అదో ప్రహసనం.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. ‘ఒకే దేశం, ఒకే పన్ను’ అన్నారు. 2018 ఏప్రిల్ 1 నుంచి యాభై వేలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఆన్‌లైన్‌లో తీసుకున్న ఈ-వే బిల్లు ఉంటే చాలు. లారీ ఆగక్కర్లేదు. నిజమే, రోడ్డుమీది గేటు పోయింది. అయితే అది వెళ్లి కంప్యూటర్‌లో కూర్చుంది!

పన్ను ఏ ఊరిది?

ఇంతకీ ఈ గొడవంతా ఎందుకు? ప్రశ్న చిన్నదే. ఒక ఊళ్లో ఉన్న వ్యాపారి ఇంకో రాష్ట్రంలో ఉన్న మనిషికి సరుకు అమ్మితే ఆ పన్ను ఎవరికి చెందాలి? అమ్మినవాడి రాష్ట్రానికా, కొన్నవాడి రాష్ట్రానికా?

1956 నాటి కేంద్ర అమ్మకం పన్ను చట్టం ప్రకారం సరుకు బయల్దేరిన రాష్ట్రానిదే పన్ను. నందిగామలో ఒకరు మహారాష్ట్ర గోదాములో ఉన్న మిక్సీని ఆన్‌లైన్‌లో కొంటే డబ్బు కట్టేది నందిగామ మనిషి... పన్ను వెళ్లేది ముంబయి ఖజానాకి. కొట్టుకెళ్లి కొనే రోజుల్లో ఇది పెద్ద విషయం కాదు. ఫోన్‌లో నొక్కితే గుమ్మం ముందుకొచ్చే రోజులొచ్చాక రాష్ట్రాలు ఉలిక్కిపడ్డాయి. మా జనం కొంటుంటే పన్ను వేరేవాళ్లకా... అంటూ అసోం, ఉత్తరాఖండ్, బిహార్, గుజరాత్ లాంటి రాష్ట్రాలు ఆన్‌లైన్ సరుకుమీద ప్రవేశ పన్ను వేశాయి. కర్ణాటకలో 2014లో ఇంకో రకం పేచీ. ఒక పెద్ద ఆన్‌లైన్ సంస్థ గోదాములో సరుకు ఉంచుకున్న చిన్న వ్యాపారుల లైసెన్సుల మీద వాణిజ్య పన్నుల శాఖ కన్నేసింది. గోదాము సంస్థది, సరుకు వ్యాపారిది, కొనేవాడు ఎక్కడివాడో... మరి పన్ను ఎవరిని అడగాలి? పాత చట్టంలో జవాబు దొరకలేదు.

జీఎస్టీ ఆ లెక్కను తిరగేసింది. సరుకు ఎక్కడ వాడితే పన్ను అక్కడికే. 500 రూపాయల ఆవకాయమీద అయిదు శాతం అంటే పాతిక రూపాయలు. (పచ్చళ్లమీద 12 శాతంగా ఉన్న పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి అయిదుకు తగ్గించారు.) సొంత రాష్ట్రంలో అమ్మితే పన్నెండున్నర కేంద్రానికి, పన్నెండున్నర ఆంధ్రప్రదేశ్‌కి. అదే కోదాడకు పంపితే పాతికా ‘ఐజీఎస్టీ’ పేరుతో కేంద్రానికి చేరి, అక్కణ్నుంచి సగం తెలంగాణకు వెళ్తుంది. సీసా ఎటు వెళ్తే పన్ను అటు!

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు నందిగామలో ఉన్న అమ్మ కోసం ఫ్రిజ్ ఆర్డరిస్తాడు. డబ్బు కట్టింది హైదరాబాద్ చిరునామాతో. సరుకు దిగింది నందిగామలో. పన్ను ఎవరిది? దీనిమీదా తర్జనభర్జనలు జరిగాయి. 2024 జూన్‌లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు తేల్చేసింది... రిజిస్ట్రేషన్ లేని మామూలు కొనుగోలుదారుల విషయంలో డెలివరీ చిరునామాదే మాట అని. అంటే ఆ ఫ్రిజ్ పన్నులో రాష్ట్రం వాటా ఆంధ్రప్రదేశ్‌ది. అమ్మ ఇల్లు ఎక్కడుంటే పన్ను అక్కడికే అన్నమాట.

న్యాయంగానే ఉంది కదూ? న్యాయమే. కాకపోతే ఆ న్యాయం జరగాలంటే ఏ సీసా ఎక్కడికి వెళ్లిందో ఎవరో ఒకరు లెక్క రాయాలి. ఆ ‘ఎవరో ఒకరు’ అమ్మేవాళ్లే.

ఒక్క సీసా... పన్నంతా

సరే, రిజిస్ట్రేషన్ తీసుకుంటే పోలా? దానికి రుసుమేమీ లేదు. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. చిన్న వ్యాపారులకు మూడు పనిదినాల్లో ఇచ్చే పద్ధతి కూడా 2025 నవంబరు 1 నుంచి వచ్చింది. చిక్కు తీసుకోవడంలో లేదు. తీసుకున్న తర్వాత ఉంది.

ఒకసారి నంబరొచ్చిందంటే కోదాడ సీసాకే కాదు, పక్కింటి పిన్నిగారికి అమ్మిన సీసాకీ పన్ను వేయాల్సిందే. అప్పటిదాకా 500కి ఇచ్చింది కాస్తా 525. లేదంటే ఆ పాతిక తన లాభంలోంచి కట్టుకోవాలి. సీసాలకీ, మూతలకీ, నూనెకీ తను కట్టిన పన్నును ఇందులో తగ్గించుకోవచ్చు. దానికి ప్రతి బిల్లూ దాచాలి. మూడు నెలలకోసారి రిటర్నులు వేయాలి. ఆ మూడు నెలల్లో ఒక్క సీసా అమ్మకపోయినా ‘ఏమీ అమ్మలేదు’ అని చెప్పాలి! మర్చిపోతే రోజుకి 20 రూపాయల చొప్పున రిటర్నుకు 500 దాకా ఆలస్య రుసుము. చిన్నవాళ్ల కోసం ‘కాంపొజిషన్’ అని ఒక సులువు పద్ధతి ఉంది. తయారీదార్లు అమ్మకాలమీద ఒక శాతం కట్టేస్తే సరి. అయితే ఆ పద్ధతిలో ఉన్నవాళ్లు సరుకును రాష్ట్రం దాటించకూడదు. మళ్లీ మొదటికే!

అసలు రిజిస్ట్రేషన్ లేకుండానే పంపేస్తే? పట్టుబడితే పదివేలు గానీ, ఎగ్గొట్టిన పన్నుగానీ... ఏది ఎక్కువైతే అంత జరిమానా. పైగా ఇప్పుడు లావాదేవీలన్నీ ఫోన్లోనే. 2025 జూలైలో కర్ణాటకలో ఏమైందో గుర్తుందిగా! యూపీఐ లెక్కలు చూసి చిన్న చిన్న దుకాణాలవాళ్లకు పన్ను నోటీసులు వెళ్లాయి. బెంగళూరులో ఎంతోమంది క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు పీకేసి ‘క్యాష్ ఓన్లీ’ బోర్డులు పెట్టారు.

చట్టం అందరినీ ఒకే గాటన కట్టలేదు. అదే జిల్లాలోని కొండపల్లి బొమ్మల సంగతే తీసుకోండి. చేత్తో చేసే హస్తకళా వస్తువులకు మినహాయింపు ఉంది. ఏడాదికి 20 లక్షల దాకా రిజిస్ట్రేషన్ లేకుండానే వేరే రాష్ట్రాలకు పంపుకోవచ్చు. పాన్ నంబరుండాలి, సరుకు ఎంత చిన్నదైనా ఈ-వే బిల్లు తీసుకోవాలి. నందిగామలో కూర్చుని ఖమ్మం పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే టీచరుకూ 20 లక్షల దాకా ఏ ఇబ్బందీ లేదు. ఎందుకంటే అది ‘సేవ’. ఎద్దుబండి బొమ్మకీ, ఎక్కాలకీ దొరికిన ఆ వెసులుబాటు ఆవకాయకే లేదు!

సరిహద్దుకి అటూ ఇటూ ఇంకో తేడా కూడా ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి సరుకులమ్మేవారికి రిజిస్ట్రేషన్ పరిమితిని 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్ దాన్ని అందుకుంది. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. జగ్గయ్యపేటలో ముప్పై లక్షల వ్యాపారం చేసేవారికి జీఎస్టీ నంబరు అక్కర్లేదు. కోదాడలో అదే వ్యాపారం చేస్తే కావాలి.

పెద్దన్న చూస్తున్నాడు!

సొంతంగా పార్సిళ్లు కట్టే బదులు పెద్ద ఆన్‌లైన్ సంస్థల ద్వారా అమ్ముకోవచ్చు కదా అనిపిస్తుంది. ఆ దారికీ చాలాకాలం గేటు ఉంది. వాటిలో ఒక్క వస్తువు అమ్మాలన్నా జీఎస్టీ నంబరు అడిగేవాళ్లు. 2023 అక్టోబరు 1 నుంచి కాస్త సడలించారు. పరిమితికి లోబడిన చిన్న వ్యాపారి సొంత రాష్ట్రంలో అమ్ముకునేట్టయితే రిజిస్ట్రేషన్ అవసరం లేదు. జీఎస్టీ పోర్టల్‌లో పాన్‌తో నమోదు చేసుకుని ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. అయితే ఆ ఖాతాకు వేరే రాష్ట్రం ఆర్డర్లు రాకుండా సంస్థే అడ్డుకోవాలి. అంటే వేదాద్రి ఆవకాయ ఇచ్ఛాపురంవాళ్ల ఫోన్లో కనిపిస్తుంది. ఖమ్మంవాళ్లు ఆర్డరివ్వబోతే కుదరదంటుంది!

రిజిస్టర్ అయినవాళ్ల డబ్బులోంచి ఆ సంస్థలు కొంత పన్నుగా పట్టుకుని ప్రభుత్వానికి కడతాయి. 2018 అక్టోబరు 1న ఇది మొదలైనప్పుడు ఒక శాతం. 2024 జూలై 10 నుంచి అరశాతం. ఆ సొమ్ము పోదు, వ్యాపారి ఖాతాలో జమవుతుంది. ఎవరు ఎంత అమ్మారన్నది నెలనెలా ప్రభుత్వానికి చేరిపోతుంది. వ్యాపారి చెప్పిన లెక్కా, సంస్థ చెప్పిన లెక్కా సరిపోకపోతే నోటీసే. ఒకప్పుడు గరికపాడులో గుమాస్తా అడిగే ప్రశ్నను ఇప్పుడు కంప్యూటర్ అడుగుతోంది.

డెలివరీ త్వరగా అవ్వాలని సరుకును హైదరాబాద్ గోదాములో ఉంచితే ఇంకో ముడి. సరుకున్న చోటు కూడా వ్యాపార స్థలమే. కాబట్టి తెలంగాణలో ఇంకో నంబరు, ఇంకో రిటర్ను! అన్ని రాష్ట్రాల్లో గోదాములూ, లెక్కలు చూసే సిబ్బందీ ఉండే పెద్ద సంస్థకు ఇదో లెక్క కాదు. వంటింట్లోనే ఫ్యాక్టరీ, పడగ్గదిలోనే ఆఫీసు ఉన్నవారికి అదే కొండ.

అమెరికా కోర్టులోనూ ఇదే పేచీ

ఈ తలనొప్పి మన ఒక్కరిదే కాదు. అమెరికాలో యాభై రాష్ట్రాలు. అలాస్కా, డెలావేర్, మోంటానా, న్యూహాంప్‌షైర్, ఓరెగాన్... ఈ అయిదూ తప్ప మిగతా అన్నింటికీ తలో అమ్మకం పన్ను. పోస్టులో క్యాటలాగులు పంపి వస్తువులమ్మే కంపెనీ మీద ఇల్లినాయిస్‌కు వచ్చిన తగవు 1967లోనే సుప్రీంకోర్టుకెక్కింది. రాష్ట్రంలో కొట్టూ గోదామూ ఏమీ లేని వ్యాపారిని పన్ను వసూలు చేసివ్వమనడం కుదరదంది కోర్టు. 1992లో ‘క్విల్’ కేసులోనూ అదే మాట. అర్ధశతాబ్దం పాటు అదే చెల్లింది. ఈలోగా ఇంటర్నెట్ వచ్చింది. వీధిలో కొట్టువాడు పన్ను కడుతుంటే ఆన్‌లైన్ వ్యాపారి కట్టకుండా చౌకగా అమ్ముకుంటున్నాడన్న గోల మొదలైంది. చివరికి 2018 జూన్ 21న సౌత్ డకోటా రాష్ట్రానికీ, ‘వేఫెయిర్’ అనే ఫర్నిచర్ సంస్థకూ మధ్య కేసులో కోర్టు పాత తీర్పుల్ని పక్కన పెట్టేసింది. 5-4 తేడాతో... ఒక్క న్యాయమూర్తి మొగ్గుతో!

ఆ తీర్పులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. సౌత్ డకోటా చట్టం అందరినీ లెక్క చెప్పమనలేదు. ఆ రాష్ట్రంలో ఏడాదికి లక్ష డాలర్ల సరుకైనా అమ్మి ఉండాలి, 200 అమ్మకాలైనా జరిపి ఉండాలి. అంతకంటే చిన్నవాళ్ల జోలికి వెళ్లలేదు. చట్టం నిలబడటానికి అదీ ఒక కారణమంది కోర్టు. ఐరోపా సమాఖ్య కూడా 2021 జూలై నుంచి కొత్త పద్ధతి తెచ్చింది. వేరే సభ్య దేశాలకు అమ్మేది ఏడాదికి పదివేల యూరోలు దాటకపోతే సొంత దేశం పన్నే వేసుకోవచ్చు. దాటినా దేశానికో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఒక్కచోటే లెక్క చెబితే పంపకాలు వాళ్లే చూసుకుంటారు. అక్కడ చిన్నవాడికి గీత గీశారు. ఇక్కడ సరుకు విషయంలో ఆ గీత సున్నా దగ్గరుంది.

మోటుపల్లి చెప్పిన మాట

ఆవకాయ కోదాడ దగ్గరే ఆగుతుందా? డాలస్‌లో కోడలు, న్యూజెర్సీలో మనవడు ఎదురుచూస్తుంటారు కదా! వాళ్లకు అమ్మకంగా పంపితే అది ఎగుమతి. మన పన్ను పడదు. రిజిస్ట్రేషనూ, ఏటా ఇచ్చే ఒక హామీ పత్రమూ, ఎగుమతిదారు కోడూ మాత్రం కావాలి. అక్కడి గుమ్మంలో అక్కడి నిబంధనలు. అమెరికా చాలా ఏళ్లు 800 డాలర్ల లోపు పార్సిళ్లమీద సుంకం వేయలేదు. 2025 ఆగస్టు 29న ఆ వెసులుబాటు ఎత్తేసింది. ఏ పార్సిల్‌కి ఎంత, ఎవరు వసూలు చేయాలన్నది తేలక మన తపాలాశాఖ కొన్నాళ్లు బుకింగులే ఆపేసింది. అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. ఆ నెలన్నరా పండగ పిండివంటలూ పచ్చళ్లూ ఎక్కడివక్కడే!

వ్యాపారిని భయపెట్టేది పన్ను కంటే కూడా... ఎంత పడుతుందో, ఎప్పుడు పడుతుందో తెలియకపోవడం. ఈ సంగతి తెలుగు రాజులకు ఎనిమిది వందల ఏళ్ల కిందటే తెలుసు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడలు దెబ్బతిని ఒడ్డుకొస్తే ఇకమీద సరుకు లాక్కోబోమనీ, ఎగుమతి దిగుమతులమీద ముప్పయ్యో వంతు సుంకం తప్ప ఇంకేమీ అడగబోమనీ దేశదేశాల వ్యాపారులకు మాటిచ్చాడు. ఎంతో ముందే చెప్పాడు. ఎవరైనా చదువుకునేలా రాతిమీద చెక్కించాడు.

ఇప్పుడూ కాస్త కదలిక కనిపిస్తోంది. 2025 సెప్టెంబరు 3న సమావేశమైన జీఎస్టీ మండలి, ఆన్‌లైన్ సంస్థల ద్వారా పలు రాష్ట్రాల్లో అమ్ముకునే చిన్న వ్యాపారుల కోసం సులువైన రిజిస్ట్రేషన్ పద్ధతి తేవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ప్రతి రాష్ట్రంలోనూ ఒక వ్యాపార స్థలం చూపించడం వాళ్లకు కష్టమవుతోందని గుర్తించింది. మంచిదే. అలాగే బొమ్మకీ, పాఠానికీ ఇచ్చిన 20 లక్షల వెసులుబాటు ఆవకాయకూ అప్పడాలకూ ఇస్తే? పెద్ద వ్యాపారులు దాన్ని అడ్డం పెట్టుకుని పది పేర్లతో చిన్నవాళ్లలా నటిస్తారన్న భయం ప్రభుత్వానికి ఉండొచ్చు. ఆ భయం నిజమే కావచ్చు. పాన్ నంబరూ, బ్యాంకు ఖాతా, యూపీఐ లెక్కా అన్నీ కళ్లముందే ఉన్న కాలంలో నటించేవాణ్ని పట్టుకోవడం అంత కష్టమా అన్నదే ప్రశ్న.

అందాకా... కోదాడ అక్క వేదాద్రి స్వామి దర్శనానికి మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు రెండు సీసాలు బదులు నాలుగు సీసాలు కొనుక్కుని, సంచీ భుజాన వేసుకుని బస్సెక్కుతుంది. బస్సు గరికపాడు దాటుతుంది. ఎవరూ ఆపరు!

బిల్లే చెబుతుంది!

* బిల్లుమీద జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూడండి. 37 అయితే ఆంధ్రప్రదేశ్ వ్యాపారి, 36 అయితే తెలంగాణ వ్యాపారి.

* ‘సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ’ అని రెండుగా ఉంటే సొంత రాష్ట్రంలో జరిగిన అమ్మకం. ‘ఐజీఎస్టీ’ అని ఒక్కటే ఉంటే సరుకు రాష్ట్రం దాటింది.

* జీఎస్టీ నంబరు లేనివాళ్లు బిల్లులో జీఎస్టీ వేయకూడదు. వేస్తే అడగండి.

* సొంత రాష్ట్రంలోనే అమ్మే చిన్న వ్యాపారులు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షల పరిమితి గుర్తుంచుకోవాలి. పన్ను పడే సరుకును వేరే రాష్ట్రానికి పార్సిల్ కట్టేముందు మాత్రం రిజిస్ట్రేషన్ సంగతి చూసుకోవాలి.

* నంబరు తీసుకున్నాక వ్యాపారం మానేస్తే ఊరుకోకూడదు. రద్దు కోసం దరఖాస్తు చేయాలి. లేదంటే అమ్మకాలు ఆగినా ఆలస్య రుసుములు ఆగవు!